జీవాలకు కప్పు కావాలి, గోడలు కాదు

మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చిందంటే గొర్రెల కాపర్ల ఇళ్ళల్లో ఒకటే మాట. ఈసారి ముసురు ఎన్ని రోజులు పడుతుందో, ఎన్ని పిల్లలు మిగులుతాయో అని. అదే సమయంలో మండల కార్యాలయాల్లో, బ్యాంకుల్లో మరో మాట వినిపిస్తుంది. "ఇంకా ఎన్నాళ్ళు గొర్రెల వెంట తిరుగుతారు? షెడ్డు కట్టుకోండి, కట్టేసి మేపండి, లోను ఇస్తాం" అని. మంద ఏడాది పొడవునా ఆరుబయటే ఉండాలా, వానాకాలం చలికాలాల్లో లోపల పెట్టాలా అన్నది ఇవాళ కొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. కానీ ఈ ప్రశ్నకు ఇప్పుడు సబ్సిడీలు, అప్పులు, బీమా నిబంధనలు వచ్చి చేరాయి. కాబట్టి కాపరి ఒక్కడు తన మంద దగ్గర తేల్చుకునే విషయంగా ఇది మిగల్లేదు. సంఘంగా మనం ఒక మాట మీదకు రావాల్సిన విషయమైంది.

ఇది చిన్న సంగతి కాదని లెక్కలే చెబుతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7 కోట్ల 40 లక్షల పైచిలుకు. అందులో తెలంగాణలో దాదాపు ఒక కోటీ 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఒక కోటీ 76 లక్షలు. దేశంలోని గొర్రెల్లో సగం వరకు తెలుగు నేల మీదే ఉన్నాయన్నమాట. వాటిని ఎక్కడ పడుకోబెట్టాలన్నది లక్షల కుటుంబాల బతుకు ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పగలు మంద బయట తిరగాలి. ముసురు రాత్రుల్లో దానికి నెత్తిన కప్పు, కాళ్ళ కింద పొడి నేల ఉండాలి. నాలుగు గోడల మధ్య ఏడాదంతా కట్టేసి మేపడం చిన్న కాపరికి గిట్టదు, గొర్రెకూ పడదు. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. రెండు వైపులా దెబ్బతిన్నాక చెబుతున్నాను.

రెండు ఏళ్ళు, రెండు పాఠాలు

2020 అక్టోబరులో వాయుగుండం వానలు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. అప్పుడు మా మంద నల్లరేగడి చేను గట్టున ఉంది. రెండు రాత్రులు ఎడతెగని వాన, దానికి తోడు ఈదురుగాలి. పెద్ద గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడే తెల్లవార్లూ గడిపాయి. పిల్లలకు ఆ బలం ఎక్కడిది? వారం లోపు ఈనిన పిల్లలు తొమ్మిది ఉంటే ఆరు పోయాయి. మిగిలిన మందలో సగానికి గిట్టల మధ్య పుండ్లు. మా నాయిన ఒక్కటే మాట అన్నాడు: "కొడుకా, గొర్రెకు చలి పగ కాదురా, తడి పగ."

ఆ బాధలో మరుసటి ఏడు అప్పు చేసి షెడ్డు కట్టాను. ఎస్టిమేట్ నాది కాదు, ఇచ్చినవాళ్ళది. మూడు వైపులా కప్పు దాకా ఇటుక గోడ, నాలుగో వైపు చిన్న తలుపు, పైన తక్కువ ఎత్తులో రేకులు. చూడ్డానికి దిట్టంగా ఉంది. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. చలికాలం వచ్చేసరికి మందంతా దగ్గు. ముక్కుల్లో చీమిడి, డొక్కలెగరడం. ఆ చలికాలంలో పదకొండు పిల్లలు పోయాయి. బయట వానలో పోయిన వాటికంటే లోపల పొడిగా ఉండి పోయినవే ఎక్కువ.

పశువైద్యుడు వచ్చి మందు రాసే ముందు నన్ను షెడ్డులో కింద కూర్చోమన్నాడు. "నిలబడి చూస్తే తెలియదన్నా. గొర్రె ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో తల పెట్టి చూడు" అన్నాడు. కూర్చున్నాను. ఒక్క నిమిషంలో కళ్ళు మండి నీళ్ళు కారాయి. మూత్రం, పెంట కలిసి పుట్టే అమ్మోనియా వాయువు బయటికి పోయే దారి లేక నేలబారున అక్కడే తిరుగుతోంది. రాత్రంతా ఆ గాలే పీల్చిన పిల్లల ఊపిరితిత్తులు ఎట్లా నిలుస్తాయి? మరుసటి రోజే రెండు వైపుల గోడలను నడుము ఎత్తు వరకు ఉంచి పైదంతా పగలగొట్టించాను. దగ్గు తగ్గింది. గోడకు పెట్టిన అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

గొర్రె చలిని ఎలా తట్టుకుంటుంది

మనిషికి చలేస్తే గొర్రెకూ అంతే చలేస్తుందని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. గొర్రె పొట్టే దానికి కుంపటి. మేత పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ముఖ్యంగా ఎండుమేత అరిగేటప్పుడు ఆ వేడి ఎక్కువ. కడుపు నిండిన గొర్రె, ఒంటి మీద వెంట్రుక పొడిగా ఉంటే, మన ప్రాంతపు చలిని లెక్కచెయ్యదు. వెంట్రుక తడిసి, పైన గాలి వీచిందా, ఆ వేడంతా క్షణాల్లో పోతుంది. కాబట్టి మనం కాపాడాల్సింది తడి నుంచి, తడి మీద వీచే గాలి నుంచి.

ఇక్కడ జాతి తేడా కూడా ఉంది. దక్కనీ నల్ల గొర్రెకు ఒంటినిండా ముతక ఉన్ని. ఆ ఉన్నిలోని జిడ్డు వాన నీటిని కొంతవరకు చర్మం దాకా దిగనివ్వదు. అదే ఉన్నితో నేసిన గొంగడి కప్పుకునే కదా మన పెద్దలు వానలో మంద కాసింది. నెల్లూరు జాతి సంగతి వేరు. పల్ల, జోడిపి, డోర ఏదైనా దాని ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే, ఉన్ని కాదు. బరువు బాగా వస్తుందని, మాంసానికి గిరాకీ ఉందని దక్కన్ పీఠభూమిలో కూడా నల్ల గొర్రెల స్థానంలో ఉన్నిలేని జాతులు వచ్చేశాయి. జాతి మార్చుకున్నాం, వసతి మార్చుకోలేదు. "మా తాతల కాలం నుంచి మంద బయటే ఉంది, ఏమైంది?" అనే అన్నలు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. తాతల గొర్రె వేరు, మన గొర్రె వేరు.

నేల తేడా కూడా చూడాలి. ఎర్ర చల్క నేలలో వాన వెలిసిన గంటకు నీరు ఇంకుతుంది. గుట్ట వాలులో మంద పెడితే ఇంకా మంచిది. నల్లరేగడిలో ముసురు పడితే గిట్టలు బురదలోనే. అక్కడ మంద బయట ఉంచడం సంప్రదాయం కాదు, నిర్లక్ష్యం. ఈ మాట నన్ను నేను అనుకుంటున్నాను.

రోగాలు ఎవరి పక్షాన ఉన్నాయి

షెడ్డు కావాలనేవాళ్ళు రోగాలు చూపిస్తారు. బయట మేపాలనేవాళ్ళూ రోగాలే చూపిస్తారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. వాన పడ్డాక మొలిచిన లేతగడ్డి ఆబగా తింటే చిటుక రోగం వస్తుంది. చెరువు శిఖంలో, నత్తలున్న తేమ చోట్ల మేపితే కార్జపు జలగలు పడతాయి. పొద్దున్నే మంచు ఆరని గడ్డి కొసల మీద నట్టల లార్వాలు ఎక్కి ఉంటాయి. ఇవన్నీ బయటి మేతతో వచ్చేవి. కానీ వీటికి మందు షెడ్డు కాదు. చిటుక రోగానికి, గొంతువాపుకు వానలకు ముందే టీకా. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నట్టల మందు. మంచు ఆరాక మంద తోలడం. ఇవి చేస్తే బయటి మేత ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

మరి లోపల? గాలి ఆడని షెడ్డులో న్యుమోనియా. పెంట తీయని తడి నేల మీద పిల్లలకు రక్త పారుడు. గోడ పగుళ్ళలో పిడుదులు. ఒక గొర్రెకు పి.పి.ఆర్. గానీ బొబ్బ రోగం గానీ తగిలితే ఇరుకులో మందంతా అంటుకోవడానికి రోజులు పట్టదు.

నీలి నాలుక రోగం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర వానాకాలం నడుమ నుంచి చలికాలం మొదటి దాకా వచ్చి మూతులు వాచి, నోళ్ళు పుండ్లు పడి, మందలు కుంటుతూ కూలిపోయేది దీనివల్లే. ఇది గొర్రె నుంచి గొర్రెకు నేరుగా అంటే రోగం కాదు. కంటికి సరిగా కనిపించనంత చిన్న దోమలు కుట్టి వ్యాపింపజేస్తాయి. ఆ దోమలు పెరిగేది తడి పెంటలో, బురదలో. షెడ్డు చుట్టూ పెంట కుప్ప పెట్టుకుని, మురుగు నిలవనిచ్చి గొర్రెను లోపల కట్టేస్తే దాన్ని దోమలకు అప్పగించినట్టే. దీనికీ టీకా ఉంది. అది రోగం వచ్చాక కాదు, ఆ కాలానికి ముందే అందాలి. సాయంత్రం వేపాకు పొగ వేసే మన పాత అలవాటూ మంచిదే, టీకాకు బదులు కాదు గానీ.

కట్టేసి మేపితే లెక్క ఎంత

ఇప్పుడు డబ్బు సంగతి. యాభై గొర్రెలున్న కాపరిని తీసుకుందాం. ఒక్కో పెద్ద గొర్రెకు రోజుకు నాలుగు కిలోల పచ్చిమేత అనుకున్నా రోజుకు రెండు క్వింటాళ్ళు. ఏడాదికి 730 క్వింటాళ్ళు, అంటే 73 టన్నులు. దాణా, ఎండుమేత వేరు. ఈ గడ్డి పెరగాలంటే నీటి వసతి ఉన్న భూమి కావాలి, బోరు కావాలి, ఎండాకాలంలో ఆ బోరు ఆగకూడదు. మన కాపర్లలో అంత మాగాణి ఉన్నవాళ్ళు ఎందరు? అంత నీరుంటే చాలామంది గడ్డి కాదు, వరే వేస్తారు.

రోజూ రెండు క్వింటాళ్ళ గడ్డి కోసి, మోసి, నరికి వేసేదెవరో కూడా అడగాలి. కాపరి మంద వెంట తిరగడం ఆగిపోతుంది, నిజమే. ఆ పని ఇంటి ఆడవాళ్ళ నడుము మీదకు మారుతుంది. పథకం కాగితంలో ఆ కూలి ఎక్కడా కనిపించదు.

పేడ సంగతీ అంతే. పొలంలో మంద కట్టిస్తే పెంటతోపాటు మూత్రం కూడా నేలలోకే పోతుంది. మర్నాడు గుంటక తోలితే చాలు. షెడ్డులో మూత్రం వృథా, పెంటను బండికెత్తి తోలాలి. మంద కట్టినందుకు రైతు ఇచ్చే గింజలో, డబ్బులో కాపరికి పోతాయి, గొర్రెల ఎరువు రైతుకు పోతుంది. ఇద్దరికీ నష్టమే.

అయితే ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. బోరు, రెండెకరాల గడ్డి ఉన్న రైతు మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను కొని, కట్టేసి మేపి, పండగకు అమ్మితే లాభం చూస్తున్నాడు. అది వేరే వ్యాపారం. సూడి గొర్రెలు, పిల్లల మందతో బతికే కాపరికి ఆ లెక్క అతికించి చూపడమే మోసం.

పథకాలు ఎటు చూస్తున్నాయి

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. విలువ 1,25,000 రూపాయలు, 75 శాతం సబ్సిడీ. తర్వాత యూనిట్ విలువ 1,75,000 అయింది. గొర్రెలు వచ్చాయి. అవి మేసే నేల సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో ఖర్చులో సగం సబ్సిడీ ఉంది. అది మొదట 500 గొర్రెలు, 25 పొట్టేళ్ళ యూనిట్‌కు 50 లక్షల వరకు. తర్వాత 100 గొర్రెల యూనిట్‌కూ దించారు, 10 లక్షల వరకు. మిగతా సగం పెట్టుబడి, భూమి, బ్యాంకు హామీ తెచ్చుకోగలవాడికే ఆ తలుపు తెరుచుకుంటుంది. యాభై గొర్రెల కాపరి బయటే నిలబడతాడు.

"మేత భూములు లేవు కాబట్టి షెడ్డే గతి" అంటారు. భూములు వాటంతటవే మాయమయ్యాయా? మేత పోరంబోకులు, బంచరాయిలు, గైరాన్లు ఎవరి కంచెల్లోకి పోయాయో ప్రతి ఊళ్ళోనూ తెలుసు. జగ్‌పాల్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి తిరిగి ఊరికి అప్పగించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు కాపీ మన మండల కార్యాలయాల్లో ఎక్కడుందో వెతకాలి. మిగిలిన నేల సంగతి చూస్తే పత్తి చేను జనవరి దాకా ఖాళీ కాదు, గట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు. ఇందులో రైతులుగా మన తప్పూ ఉంది. మంద మన పొలంలో పడుకోవాలని కోరుకుంటాం, పగలు అది ఎక్కడ మేయాలో ఆలోచించం.

"పిల్లలు గొర్రెల వెంట పోవడం లేదు" అన్న మాట మాత్రం నిజం. గొర్లు కాసేవాడికి పిల్లనివ్వం అనే రోజులివి. పిడుగులు, పాములు, రోడ్డు మీద లారీలు, రాత్రి దొంగలు. ఈ భయాలు తీర్చకుండా "మీ కులవృత్తి గొప్పది" అని పొగిడితే యువకుడు నిలబడడు. రాత్రికి ఊరి దగ్గర భద్రమైన కప్పు ఉండాలని నేననడానికి ఇదీ ఒక కారణం. పగలు పది కిలోమీటర్లు తిరిగినా రాత్రి ఇంటికొచ్చి నిద్రపోగలిగితే వృత్తి నిలుస్తుంది.

కాపర్లుగా మనం చేయాల్సింది

గొర్రెకు పది చదరపు అడుగుల కప్పు, దానికి రెట్టింపు ఆరుబయలు ఉండేలా చూసుకోవాలి. నేల చుట్టూ ఉన్న భూమికంటే ఎత్తుగా ఉండాలి. వానగాలి కొట్టే వైపు మాత్రమే నడుము ఎత్తు గోడ లేదా తడక, మిగతాది తెరిచే ఉంచాలి. కప్పు అంచు బయటికి సాగాలి. రేకులే కానక్కర్లేదు, తాటాకు కప్పు చవక, ఎండాకాలంలో చల్లన. ముసురు సాయంత్రం కొంచెం వేరుశనగ కట్టె, కంది పొట్టు, జొన్నచొప్ప ఏదో ఒక ఎండుమేత వేయాలి. ఈనిన గొర్రెను, పిల్లను పొడి మూలకు మార్చి, గంటలోపు ముర్రుపాలు తాగించాలి. వారానికొకసారి కింద కూర్చుని కళ్ళు మండుతున్నాయేమో చూసుకోవాలి. మంద జబ్బుపడితే ఆలస్యం చేయక 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి.

సంఘంగా మనం అడగాల్సింది

మొదటిది, ఉపాధి హామీ నిధులతో గానీ బ్యాంకు లోనుతో గానీ కట్టే గొర్రెల షెడ్డుకు ఒకే మూస ఎస్టిమేట్ రుద్దకూడదు. గోడ ఎంత, కప్పు ఎంత అన్నది నేలను, జాతిని బట్టి కాపరి, పశువైద్యుడు కలిసి నిర్ణయించాలి. షెడ్డు ఉంటేనే లోను, షెడ్డు ఉంటేనే బీమా అనే షరతు వద్దు.

రెండవది, వలస వెళ్ళే మందల దారుల్లో మెరక మీద ఉమ్మడి కప్పులు కట్టాలి. పంట కల్లాలు కట్టగా లేనిది, మందకు కప్పు కట్టలేమా?

మూడవది, గొర్రెలు పంచే ముందు గ్రామసభలో మేత భూమి సర్వే పెట్టాలి. ఆక్రమణ తేలితే తొలగించాలి.

నాలుగవది, చిటుక రోగం, గొంతువాపు టీకాలు రోహిణి కార్తె దాటేలోపు, నీలి నాలుక టీకా దాని కాలానికి ముందు ప్రతి మందకూ అందాలి. ముసురులో గొర్రె చస్తే శవపరీక్షకు డాక్టరు వచ్చేదాకా ఆగలేం. పంచాయతీ ధ్రువీకరణ, చెవి పోగు ఫొటోతో బీమా చెల్లించాలి.

ఐదవది, మంద కట్టించే రైతుకు సాయం ఇవ్వాలి. 45 కిలోల యూరియా బస్తా మనకు 270 రూపాయల లోపే దొరుకుతోందంటే మిగతాది ప్రభుత్వం భరిస్తున్నట్టే. నేలకు అంతకంటే మేలు చేసే గొర్రె ఎరువుకు ఒక్క రూపాయి కూడా లేదు.

మండల సమావేశంలో ఈ ఐదు అంశాలూ చర్చకు పెట్టండి. షెడ్డు కట్టి నష్టపోయినవాళ్ళు, బాగుపడ్డవాళ్ళు ఇద్దరూ వచ్చి మాట్లాడాలి. బయటే ఉంచి పిల్లలను పోగొట్టుకున్నవాళ్ళు కూడా దాచుకోకుండా చెప్పాలి. మన లెక్క మనం చెప్పకపోతే, గొర్రె ముక్కు ఎత్తులో ఒక్క నిమిషం కూర్చోని వాళ్ళు మన కోసం ఎస్టిమేట్లు రాస్తూనే ఉంటారు.